జవాబు రాని విమానం

నర్సీపట్నం కూరగాయల బజారులో నా పేరు చెబితే ఎవరికీ తెలియదు. "ఇమానాలమ్మ" అంటే మాత్రం బెండకాయలు అమ్మే ఆమె కూడా మా సందు చూపిస్తుంది. నేను విమానం నడిపానని కొందరు, అందులో కాఫీలు అందించానని కొందరు అనుకుంటారు. నిజానికి నేను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌ని. నేల మీద, కిటికీలు లేని చల్లటి గదిలో కూర్చుని, చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, పైన వెళ్ళే విమానాలతో మాట్లాడేదాన్ని. ఎవరు ఎంత ఎత్తులో వెళ్ళాలో, ఎవరికి దారివ్వాలో చెప్పేదాన్ని. సర్వీసంతా ఆకాశంతోనే గడిచినా, నేను విమానం ఎక్కింది మాత్రం తక్కువే. సెలవు దొరికితే రైలెక్కి తునిలో దిగి, బస్సులో ఇంటికి వచ్చేదాన్ని.

ఈమధ్య మన ఊరి పిల్లలు కూడా ఆ ఉద్యోగానికి పరీక్షలు రాస్తున్నారు. వచ్చి సలహాలు అడుగుతున్నారు. పరీక్ష సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. పుస్తకంలో లేనిది ఒకటి చెబుతాను. ఇది కంట్రోల్ రూములో జరిగింది కాదు, మన నర్సీపట్నంలోనే జరిగింది.

ముందు ఒక సంగతి తెలియాలి. బంగాళాఖాతం మీదకి కొంతదూరం వెళ్ళాక రాడార్‌కి విమానం అందదు. అక్కడి నుంచి అంతా రేడియో మీదే. ఆ రేడియోలో ఎప్పుడూ పకోడీలు వేగుతున్నట్టు ఒకటే చప్పుడు. ఆ చప్పుడులోంచి పైలట్ గొంతు వెతికి పట్టుకోవాలి. "ఫలానా చోట ఉన్నాం, ఫలానా చోటికి ఫలానా వేళకి చేరతాం" అంటారు. చెప్పిన వేళకి మళ్ళీ పలుకుతారు. ఒక్కోసారి ఆలస్యమవుతుంది. కాసేపు మనకి అన్నం సయించదు. తర్వాత ఎవరో మరిచిపోయామంటూ పలుకుతారు. వాళ్ళని తిట్టుకుంటూ అన్నం డబ్బా తెరుస్తాం.

ఒకసారి ఒక విమానం పలకలేదు. మన దేశానిది కాదు, మా పరిధిలోదీ కాదు. మనకు తూర్పున ఉన్న దేశం వాళ్ళ కంట్రోల్‌తో మాట్లాడుతూ అర్ధరాత్రి ఉన్నట్టుండి మాటాపింది. ప్రయాణికులతో నిండిన పెద్ద విమానం. తర్వాత అనేక దేశాల ఓడలు వెతికాయి. ఒక్క ముక్క కూడా దొరకలేదు. టీవీల వాళ్ళకి నెలల తరబడి అదే పని.

మా క్యాంటీన్‌లో అయితే ఎవరి సిద్ధాంతం వాళ్ళకుండేది. ఇంట్లో షార్ట్ సర్క్యూట్ అయి బీరువా కాలిపోయిన ఒకాయన, సామాను గదిలో మంట లేచి ముందు రేడియోలు పోయాయనేవాడు. పై అధికారితో ఎప్పుడూ తగువుపడే ఒకాయన, పైలట్ మనసులో ఏం పెట్టుకున్నాడో చూడాలనేవాడు. ఎయిర్‌ఫోర్స్ నుంచి వచ్చినాయన ఎవరో పొరపాటున కూల్చారనేవాడు. ఎవరి భయం వాళ్ళ చేత మాట్లాడిస్తోందని నాకు అప్పుడే అనిపించింది. నేనూ తక్కువ తినలేదు. విమానంలో గాలి ఒత్తిడి పోతే అందరూ నిద్రలోకి జారుకుంటారు, విమానం తనంతట తానే వెళ్తూ ఉంటుంది, అదే జరిగిందని వాదించేదాన్ని. చిన్నప్పటి నుంచీ నాకు నొప్పంటే భయం.

మా షిఫ్టు పెద్దాయన మాత్రం ఏమీ అనేవాడు కాదు. పాయకరావుపేట మనిషి. డ్యూటీలో ఇంగ్లీషు తప్ప మాట్లాడడు గానీ, టీ దగ్గర నాతో మన భాషే. ఒకరోజు పట్టుబట్టి అడిగాను, మీరేమనుకుంటున్నారు సార్ అని.

"తెల్సింది సెప్పాల. తెలీనిది తెలీదని సెప్పాల. ఆ రెండిటి మజ్జిలో ఊబుంటాది, దిగకు" అన్నాడు.

ఏడాది గడిచాక సెలవు మీద ఇంటికొచ్చాను. నాతో ఇంటర్ చదివిన స్నేహితురాలు ఇక్కడ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. నేను వచ్చానని తెలిసి ఫోన్ చేసింది.

"ఒసే, మా పిల్లలు ఫోన్లలో పిచ్చి వీడియోలన్నీ సూసి నా పేణం తీసేత్తన్నారే. ఇమానం ఎలగ మాయమైపోద్ది మేడమ్ అని ఒకటే గొడవ. నువ్వొచ్చి ఒక గంట సెప్పేసి ఎల్లిపో."

ఆవిడ క్లాసులో మంచి తెలుగే మాట్లాడుతుంది. నాతో మాత్రం ఇలాగే. సరేనన్నాను. కాలేజీ హాలు నిండిపోయింది. హాస్టళ్ళలో ఉండే చింతపల్లి వైపు పిల్లలు కింద చాపల మీద కూర్చున్నారు. ఊళ్ళో వాళ్ళు కూడా కొంతమంది వచ్చారు, లోకల్ కేబుల్‌లో ముందురోజు స్క్రోలింగ్ వేశారట. శాలువా కప్పి, ఏటికొప్పాక లక్కబొమ్మ చేతిలో పెట్టి, మైకిచ్చారు.

నేను బాగానే మాట్లాడాను. సముద్రం మీద రాడార్ ఎందుకు అందదో బొమ్మ గీసి చూపించాను. విమానం కనబడకుండా పోవడానికి జనం చెప్పే కారణాలు ఒక్కొక్కటే తీసుకున్నాను. మంట లేస్తే ముందు ఏవి పాడవుతాయి, గాలి ఒత్తిడి పోతే మనిషికి ఏమవుతుంది, హైజాకర్లు ఎక్కితే పైలట్ రహస్యంగా ఎలా సంకేతమిస్తాడు, పైలటే దారి మళ్ళిస్తే ఎవరికి తెలుస్తుంది. ప్రతిదానికీ అనుకూలంగా ఒక మాట, వ్యతిరేకంగా ఒక మాట. పిల్లలు చెవులప్పగించి విన్నారు. చివర్లో ఒక కుర్రాడు లేచి, గ్రహాంతరవాసుల సంగతేమిటి మేడమ్ అన్నాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

నవ్వులు ఆగుతుండగా వెనక వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. పక్కన కూర్చున్న అమ్మాయి ఆయన చొక్కా పట్టుకుని లాగుతోంది. ఆయన వినలేదు.

"అమ్మా, అందులో మావోడున్నాడు" అన్నాడు.

మైకు లేకపోయినా ఆ మాట హాలంతా వినబడింది. నా స్నేహితురాలు నా వైపు చూసింది. నాకు ముందుగా తోచింది ఒక్కటే, ఈ మనిషిని ఇంతమంది ముందు నిలబెట్టకూడదు. మైకు కింద పెట్టి, వెనక్కి నడిచి వెళ్ళి, "రండి బాబుగారూ, బయట కూర్చుందాం" అన్నాను.

ఫిజిక్స్ ల్యాబ్ పక్కన వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. నా స్నేహితురాలు మంచినీళ్ళు తెచ్చిచ్చి, పిల్లలెవరూ ఇటు రాకుండా మెట్ల దగ్గర నిలబడింది. వాళ్ళది రోలుగుంట దగ్గర ఊరు. జీడిమామిడి తోట, కొంచెం చెరకు. ఒక్కడే కొడుకు. వెల్డింగ్ నేర్చుకుని పై దేశం వెళ్ళాడు. కంపెనీ వాళ్ళు ఒక దేశంలో పని అయ్యాక ఇంకో దేశానికి పంపుతూ ఆ విమానం ఎక్కించారు. ఆ అమ్మాయి అతని భార్య. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు.

పెద్దాయన జేబులోంచి ఫోన్ తీశాడు. ఒక వీడియో పెట్టాడు. ఎవరో గుబురు మీసాలాయన మ్యాప్ మీద ఒక దీవి చూపించి, విమానాన్ని అక్కడ దింపారు, అందరూ బతికే ఉన్నారు అని చెబుతున్నాడు.

"నువ్వు అన్నీ సెప్పినావు గానీ ఇది సెప్పనేదు. ఎందుకు సెప్పనేదు?"

ఆ గొంతులో కోపం ఉంది. కోపం కింద ఏముందో నాకు వినబడుతూనే ఉంది. గొంతులు వినడమే కదా నా ఉద్యోగం. అవునండీ, ఉండొచ్చండీ అనేస్తే ఆయన ఆ రోజుకి హాయిగా ఇంటికి వెళ్ళేవాడు. అనబోయాను కూడా. అప్పుడు ఆ అమ్మాయి ముఖం చూశాను. ఆమె నన్నే చూస్తోంది, నేను ఏం చెబుతానోనని భయపడుతూ.

"అంత పెద్ద విమానం దిగాలంటే పెద్ద రన్‌వే కావాలండీ. అలాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో అందరికీ తెలుసు. దిగితే దాచలేరు. అందుకే చెప్పలేదు" అన్నాను.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఎదురుగా మైదానంలో పిల్లలు సైకిళ్ళు తీసుకుంటున్నారు. అటే చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

"ఆయిలు ఎంతుంటాదమ్మా అందులో?"

అప్పటిదాకా ఆయన ఎవరెవరినో ఎన్నెన్నో అడిగాడట. కలెక్టరేట్‌లో అడిగాడు, ఏజెంట్‌ని అడిగాడు, సోదెమ్మని అడిగాడు. ఈ ప్రశ్న మాత్రం ఎవరినీ అడగలేదని తర్వాత కోడలే చెప్పింది. చెరకు తోటకి నీళ్ళు పెట్టే డీజిల్ ఇంజను ఆయనే చూసుకునేవాడు. ఆ ప్రశ్నకి జవాబు ఎటు పోతుందో తెలిసే అడగలేదేమో.

"వెళ్ళాల్సిన ఊరికి సరిపడా పోస్తారండీ. పైన కాస్త ఎక్కువ పోస్తారు, దారి మళ్ళాల్సి వస్తుందేమోనని. అంతే."

"తెల్లారి ఎండెక్కేసరికి?"

"అయిపోయి ఉంటుందండీ."

"ఇంజిను ఆగిపోద్ది" అన్నాడు ఆయన.

ఆయన తువ్వాలు తీసి మోకాళ్ళ మీద పరుచుకుని, దాని అంచు మడతలు సరిచేస్తూ ఉండిపోయాడు.

అప్పుడు ఆ అమ్మాయి మొదటిసారి మాట్లాడింది.

"మేడమ్, మీరు సెప్పినారు కదా, గాలి పోతే అందరికీ నిద్రొచ్చేత్తాదని. అప్పుడు నొప్పి తెలుత్తాదా?"

నా సిద్ధాంతం అది. ఏడాదిపాటు క్యాంటీన్‌లో బల్ల గుద్ది వాదించినది. ఇప్పుడు అవునని చెబితే ఈ పిల్ల దాన్ని పట్టుకుని బతుకుతుంది. మా షిఫ్టు పెద్దాయన చెప్పిన ఊబి సరిగ్గా నా కాళ్ళ ముందుంది.

"అదే జరిగి ఉంటే తెలియదమ్మా, అది నిజం. కానీ అదే జరిగిందో లేదో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలుసని ఎవరైనా అంటే నమ్మకు."

ఆమె తలూపింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఇంకో ప్రశ్న వేసింది.

"ఇమానం మాటాడ్డం మానేసాక ఎవరైనా పిలిసినారా మేడమ్? నేకపోతే, పోతే పోనాదని ఊరుకున్నారా?"

అంతమంది ముందు గంటసేపు మాట్లాడాను గానీ ఈ విషయం చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు, మాకది రోజూ చేసే పనిలో భాగమే కాబట్టి.

"పిలిచామమ్మా. నేనే పిలిచాను" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

ఆ ఉదయం నేను డ్యూటీ ఎక్కేసరికే పొరుగు దేశం కంట్రోల్ నుంచి ఫోన్ వచ్చి ఉంది. ఫలానా విమానం మాకు పలకడం లేదు, మీ వైపు ఏమైనా వచ్చిందేమో పిలిచి చూడండి అని. సముద్రం మీదకి పిలిచే రేడియో ముందు ఆ రోజు నేనే కూర్చున్నాను. విమానం పేరు, నెంబరు చెప్పి, "వినిపిస్తోందా?" అని అడిగాను. పకోడీలు వేగుతున్న చప్పుడు. ఛానెల్ మార్చి పిలిచాను. మళ్ళీ అదే చప్పుడు. మా పనిలో దీనికో పద్ధతి ఉంది. వాళ్ళు జవాబివ్వలేకపోయినా మన మాట వినబడుతూ ఉండొచ్చు. అందుకని, వింటున్నారనే అనుకుని దారీ, వాతావరణం, దగ్గరలో దిగగల విమానాశ్రయాలూ చెబుతూ పోవాలి. అలాగే చెప్పాను. ఎంతసేపు పిలవాలి సార్ అని మా షిఫ్టు పెద్దాయనని అడిగితే, "ఆపమని ఎవుడైనా సెప్పినాడేటి? పిలు" అన్నాడు, డ్యూటీలో ఉన్నామన్నది కూడా మరిచి మన భాషలోనే. నా గొంతు పట్టేసినప్పుడు ఆయనే వచ్చి నా హెడ్‌సెట్ తీసి తను పెట్టుకుని పిలిచాడు. ఆయన అంత మెల్లగా, అంత మర్యాదగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నిద్రపోతున్న మనిషిని లేపుతున్నట్టు పిలిచాడు.

మేమొక్కళ్ళమే కాదు. ఆ వేళ సముద్రం మీద ఎగురుతున్న విమానాలన్నిటినీ అడిగాం, మీరూ ఒకసారి పిలవండని. ఏ దేశం వాళ్ళో, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారో. ఒక్కరూ కాదనలేదు. ప్రతి పైలటూ దాన్ని పిలిచాడు. పిలిచి, కాసేపు ఆగి, జవాబు లేదని మాకు చెప్పి, తన దారిన వెళ్ళాడు. ఇంకొకడు వచ్చాడు. వాడూ పిలిచాడు. మా తర్వాతి షిఫ్టు వాళ్ళు కూడా పిలుస్తూనే ఉన్నారు.

ఇదంతా చెప్పాను. ఆ అమ్మాయి వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే ఊరుకోనేదన్నమాట" అంది. "అందరూ పిలిసినారు."

"అందరూ పిలిచారమ్మా."

పెద్దాయన తువ్వాలు మడత పెట్టడం ఆపాడు.

"ఏటని పిలిసినావమ్మా?"

విమానం పేరు, నెంబరు చెప్పాను. ఎలా పిలిచానో అలాగే చెప్పాను.

"ఇంగ్లీసులోనా?"

"అవునండీ. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే."

ఆయన తల అడ్డంగా ఊపాడు. తప్పుపట్టినట్టు లేదు. ఒక చిన్న సంగతి సరిచేస్తున్నట్టు చెప్పాడు.

"ఆడికి ఇంగ్లీసు రాదమ్మా. ఆడి పేరెట్టి పిలవాల."

ఆయన బెంచీ మీద నా వైపు కొంచెం జరిగాడు.

"నీ గొంతు అక్కడిదాకా ఎల్లినాది కదా. ఒక్కపాలి పిలు. ఇక్కడి నుంచే. ఊరికే."

ఇది వింటే నవ్వొస్తుందేమో మీకు. సర్వీసులో ఎన్నో పరీక్షలు రాశాను, ఎన్నో లైసెన్సులు తీసుకున్నాను. ఆ వరండాలో నోరు తెరవడానికి పట్టినంత ధైర్యం దేనికీ పట్టలేదు. అతని పేరు అడిగి తెలుసుకున్నాను. అది ఇక్కడ రాయను. వాళ్ళు ఇంట్లో పిలిచే ముద్దు పేరు అది. లేచి నిలబడి, మైదానం వైపు తిరిగి పిలిచాను.

"గట్టిగా" అన్నాడు పెద్దాయన.

గట్టిగా పిలిచాను. సైకిళ్ళ దగ్గర పిల్లలు తిరిగి చూశారు. నా స్నేహితురాలు మెట్ల మీద నుంచి చూసి, కళ్ళద్దాలు తీసేసింది. అలవాటు కొద్దీ పిలిచాక ఆగాను. మా పనిలో పిలిచాక జవాబు కోసం ఆగాలి.

ఆ ఆగినప్పుడు, నా వెనక నుంచి ఆ అమ్మాయి పిలిచింది. వాళ్ళ ఇళ్ళల్లో భార్య భర్త పేరు పలకదు, అందులోనూ మావగారి ముందు. పెద్దాయన ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. ఆమె మళ్ళీ పిలిచింది, ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం పొడుగ్గా, పొలం గట్టు మీద నుంచి అన్నానికి పిలిచినట్టు. తర్వాత ఆయనా పిలిచాడు.

ముగ్గురం నిలబడ్డాం. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. మేడ మీద క్లాసులో ఎవరో బెంచీ జరిపారు.

"సరే" అన్నాడు ఆయన. ఎవరితో అన్నాడో తెలియదు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ముఖం తుడుచుకోలేదు. కోడలితో అన్నాడు:

"ఆ నర్సు సదువుకి ఎప్పుడు రమ్మన్నారమ్మా?"

ఆమెకి విశాఖలో నర్సు ట్రైనింగ్‌లో సీటొచ్చిందని, కొడుకు వచ్చేసరికి ఇంట్లో భార్య కనబడకపోతే ఏమనుకుంటాడని ఆయనే పంపడం లేదని నాకు అప్పుడు తెలిసింది.

"సోమారం దాకా టైమిచ్చినారు మావయ్యా" అంది ఆమె, నేల చూస్తూ.

"అయితే బేగి సర్దుకో. నేను దిగబెడతాను" అన్నాడు. నా వైపు తిరిగి, దండం పెట్టబోయాడు. నేను ఆయన చేతులు పట్టుకుని ఆపాను. పెద్ద చేతులు, జీడి సొన మరకలు పడిపోయినవి. నా స్నేహితురాలు వాళ్ళని బస్సు కాంప్లెక్స్ దాకా తన బండి మీద దింపుతానంది. ముగ్గురు పట్టరని ఆయన ఒప్పుకోలేదు. ఇద్దరూ నడిచే వెళ్ళారు. గేటు దాటేదాకా చూశాను. ఆయన ముందు, ఆమె వెనక వచ్చారు కాబోలు, వెళ్ళేటప్పుడు పక్కపక్కనే నడిచారు.

ఆ విమానం ఏమైందో ఇవాళ్టికీ తెలియదు. పెద్దాయన తర్వాత కూడా కొన్నాళ్ళు ఆ వీడియోలు చూశాడట. మనిషి కదా. ఒకటి రెండుసార్లు నాకు పంపాడు కూడా, కింద ఏమీ రాయకుండా. మెల్లగా మానేశాడు. జీడిపిక్కలు మాత్రం ఏటా పంపాడు, పోయేదాకా. ఆ అమ్మాయి ఇప్పుడు ఇక్కడే ఒక ఆసుపత్రిలో సిస్టర్. నాకు బీపీ చూసేటప్పుడు, "ఉప్పు తగ్గించమంటే ఇనరేటి మేడమ్" అని అందరి ముందూ కసురుతుంది. మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆ సంబంధం మాట్లాడింది మావగారే. మేమిద్దరం ఆ వరండా సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

సెలవు అయిపోయి డ్యూటీకి వెళ్ళినప్పుడు ఇదంతా మా షిఫ్టు పెద్దాయనకి చెప్పాను. టీ గ్లాసు పట్టుకుని చివరిదాకా విన్నాడు. ఏదైనా అంటాడని ఎదురుచూశాను. "టీ సల్లారిపోనాది, ఇంకోటి తెప్పించు" అని కిటికీలేని ఆ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

నేను వెళ్ళి సీట్లో కూర్చున్నాను. సముద్రం మీద నుంచి వస్తున్న ఒక విమానానికి ఎత్తు మార్చమని చెప్పాలి. పిలిచాను. పిలిచీ పిలవగానే, పక్క గదిలోంచి పలికినట్టు పైలట్ పలికాడు. చెప్పండి అన్నాడు. ఎన్ని వేల సార్లు విన్న మాట! నాకు చెప్పాల్సింది గొంతులోంచి రాలేదు.

అతను కాసేపు ఎదురుచూశాడు. జవాబు రాకపోయేసరికి ఈసారి అతనే పిలిచాడు.

"కంట్రోల్, వినిపిస్తోందా?"

రూలు ప్రకారం దానికి ఒక్క ముక్కలో జవాబు చెబితే చాలు.

"వినిపిస్తోంది" అన్నాను. "చాలా బాగా వినిపిస్తోంది."